వక్కల మండీ మనిషి

"వీడియో మూడు నిమిషాలే. కోపం తెచ్చుకోకుండా చూడు," అన్నాడు నవనీతకృష్ణన్.

ఆ మాటతోనే శ్రీరంజనికి సగం కోపం వచ్చేసింది.

తుడియలూరులో పంపుసెట్ల వర్క్‌షాపుల వరసలో, మోటారు రీవైండింగ్ బోర్డు తగిలించిన షెడ్డు అది. ముందు గదిలో నిజంగానే ఇద్దరు కూర్చుని రాగితీగ చుడుతుంటారు. వెనక గది తలుపుకి వేలిముద్ర తాళం. ఆ తలుపు వెనక, ఏ ప్రభుత్వ కాగితంలోనూ పేరు కనబడని ఒక గూఢచారి విభాగం పనిచేస్తోంది. నవనీతకృష్ణన్ దానికి చీఫ్. మద్రాసులో పుట్టి పెరిగినవాడు. గొంతు పెంచకుండానే మనుషుల్ని చావు నోట్లోకి పంపగలడు. శ్రీరంజని అతని ఏజెంట్ నైన్. ముప్ఫై ఏడేళ్ళు, కోయంబత్తూరు తెలుగింటి ఆడపడుచు. నోరు మంచిది కాదని ఆమె సర్వీసు ఫైల్లో మూడు చోట్ల రాసి ఉంది.

స్క్రీన్ మీద ఒక అందగత్తె ప్రత్యక్షమైంది. నెమలికంఠం రంగు పట్టుచీర, ముక్కుకి వజ్రం, పైకి లేచిన ఒక కనుబొమ్మ. పేరు మధుమిత. ఆమె యూట్యూబ్ ఛానల్‌ని ముప్ఫై ఎనిమిది లక్షల మంది చూస్తారు.

"పేరు లేనివాడు. పన్నెండో ఎపిసోడ్," అంది మధుమిత గుసగుసగా. "పదకొండేళ్ళ కిందట మేట్టుపాళయం వక్కల మండీలో, బస్తాల మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే చచ్చిపోయి ఉన్న ఆ మనిషి ఎవరు? పర్సు లేదు. వాచీ లేదు. చొక్కా మీద టైలర్ లేబుల్ కత్తిరించి ఉంది. జేబులో నాలుగు వక్కలు. కాళ్ళ దగ్గర పక్కపక్కన, పొందిగ్గా పెట్టిన చెప్పులు. నాలుగే ఎందుకు? అంత పొందిక దేనికి? ఏ పూజకి సంకేతం?"

శ్రీరంజని పళ్ళు బిగించింది. ఆ నాలుగు వక్కలు పక్క బస్తా చిరుగులోంచి జారి అతని జేబులో పడ్డాయి. ఆ చెప్పుల్ని అలా పెట్టింది ఆమె.

అప్పుడు ఆమెకి ఇరవై ఆరేళ్ళు. తెల్లవారగానే చీఫ్ ఫోన్ చేశాడు. పోలీసుల కన్నా అరగంట ముందు మండీకి చేరి, తనకి ఈ విద్య నేర్పిన గురువు వరదరాజన్ శవం మీదనుంచి పర్సు తీసింది, వాచీ విప్పింది, లేబుల్ కత్తిరించింది. విషం తాగించి చంపారు అతన్ని. ఒక చెప్పు ఇక్కడ, ఒకటి అక్కడ పడి ఉంటే చూడలేక, రెంటినీ తెచ్చి ఆయన పాదాల దగ్గర సర్దింది. ఒక మనిషి మరో మనిషికి చేసే కనీస మర్యాద అది. ఆ మర్యాద మీద ఇప్పుడు పన్నెండు ఎపిసోడ్లు నడిచాయి.

వీడియోలో మధుమిత కనుబొమ్మ ఇంకాస్త లేచింది. "అతని డీఎన్ఏ మా చేతికొచ్చింది. అతను వందల ఏళ్ళ కిందట ఇటు వలస వచ్చిన తెలుగు కుటుంబాల మనిషి. ఈ గొట్టంలో ఉమ్మండి, మీ వంశమూలం తెలుసుకోండి, ఒక స్టీలు డబ్బా ఉచితంగా పట్టుకెళ్ళండి. పొల్లాచ్చి అయిపోయింది. ఉడుమలై అయిపోయింది. మధుర అయిపోయింది. రేపు మధ్యాహ్నం పన్నెండింటికి ఒట్టన్‌చత్రం కూరగాయల మార్కెట్ నుంచి లైవ్. రేపు పేరు చెప్తాం!"

చీఫ్ వీడియో ఆపాడు.

"ఛానల్ వెనకున్నది కోరల్," అన్నాడు.

శ్రీరంజనికి వివరించక్కర్లేదు. కోరల్ ఒక విదేశీ ముఠా. తూత్తుకుడి రేవులో షిప్పింగ్ ఆఫీసు ముసుగులో మన నౌకాదళం రహస్యాలు బయటికి పంపేది. ఆ ఆఫీసులో పనిచేసిన ఒక గుమాస్తా పిల్ల వరదరాజన్‌కి మొత్తం జాబితా తెచ్చిచ్చింది. పద్నాలుగు మంది దొరికారు. ముఠా నాయకుడు మాత్రం తప్పించుకున్నాడు. అతని ముఖం చూసినవాళ్ళలో బతికి ఉన్నది ఆ పిల్ల ఒక్కతే. వరదరాజన్ ఆమెని తన సొంత అక్క దగ్గర, ఒట్టన్‌చత్రంలో దాచి, రెండో రోజు మేట్టుపాళయంలో ప్రాణం వదిలాడు. పిల్లకి అక్కడ సుజిత అని కొత్త పేరు పెట్టారు. శవం ఎవరిదో తెలిస్తే అతని ఇల్లు తెలుస్తుంది. ఇల్లు తెలిస్తే సుజిత దొరుకుతుంది. ఆ భయంతోనే విభాగం వరదరాజన్ పేరు తుడిచేసింది.

"రేపు లైవ్ కంటే ముందే సుజితని తప్పించాలి," అన్నాడు చీఫ్. "భయపడకు. మధుమిత మన మనిషే. రెండేళ్ళుగా కోరల్ లోపల మనకున్న చెవి ఆమె. తన మేకప్ వ్యానులో దాటిస్తుంది. నీ పని సుజితని ఆమెకి అప్పగించడం. కోడ్ రాసుకో. ఆమె చింతకాయ కాపెట్లా ఉందని అడుగుతుంది. కాపు తక్కువ, పులుపెక్కువ అని నువ్వు చెప్పాలి."

"ఆమె గురించి విచారించారా?"

"ఆధార్ నుంచి కాలేజీ దాకా. మీ కోయంబత్తూరు తెలుగువాళ్ళే. క్లీన్."

అతను బల్ల కింద నుంచి మూడు గిన్నెల టిఫిన్ క్యారియర్ తీశాడు. "అడుగు గిన్నెలో జామర్. మీట నొక్కితే ముప్ఫై అడుగుల్లో ఏ ఫోనూ పనిచేయదు. నలభై సెకన్లే. పై గిన్నెలో ఉన్నది నిజం పెరుగన్నం. పారేయకు, మా ఆవిడ చేసింది."

శ్రీరంజని కదల్లేదు. "సార్, ఆయన పేరు ఎప్పుడు చెప్తాం?"

"కోరల్ నాయకుడు దొరికాక."

"పదకొండేళ్ళుగా ఇదే మాట. పేరు లేని శవం అడ్డం తిరగదు. అందుకే దాని నోట్లో ఎవడికి తోచిన మాట వాడు పెడుతున్నాడు. దొంగ అన్నారు, సన్నాసి అన్నారు. మనం కూడా..."

"మనం కూడా పెట్టాం. అవసరం," అన్నాడు చీఫ్. "టైమైంది."

ఆమె క్యారియర్ తీసుకుని, తలుపు షెడ్డంతా అదిరేట్టు వేసి వెళ్ళిపోయింది.

* * *

మర్నాడు పొద్దున పది గంటలకి పళని దాటి ఒట్టన్‌చత్రంలో దిగింది. కేరళ హోటలుకి కూరగాయలు కొనే మేనేజర్ వేషం. బంగారు అంచు తెల్లచీర, నుదుట చందనం, చేతిలో క్యారియర్. ఇటు మధుర నుంచి అటు పాలక్కాడు దాకా ఏ వంటింట్లో సాంబారు ఉడికినా అందులో మునక్కాయ ఇక్కడిదే అయ్యుంటుంది. లారీలు, అరుపులు, బస్తాలు. ఒక మూల టమాటా బండి దగ్గర, అమ్మేవాళ్ళ వేషంలో విభాగం మనుషులు. ఆ హడావుడి మధ్యలో మధుమిత మనుషులు స్టేజీ కడుతున్నారు.

టీకొట్టు దగ్గర నలుగురు తెలుగువాళ్ళు అదే కబుర్లలో ఉన్నారు.

"బామ్మర్ది పనే అది," అన్నాడు ఒక ఉల్లిపాయల వ్యాపారి. "బామ్మర్దులకు నిలం మీద కన్ను పడితే ఇంతే. అన్నంలో పెట్టేసుంటాడు."

ఆ పెద్దమనిషికి బావమరిదితో పొలం తగాదా ఉన్న సంగతి ఆ ముఖంలోనే కనిపిస్తోంది.

"ఏమి చెప్తావయ్యా నువ్వు! సర్కారే చంపినాది," అన్నాడు రిటైరైన పంతులు. "వాళ్ళకు గిట్టకపోతే మనిషిని ఏడికైనా తోసేస్తారు. నన్ను ముప్ఫై ఏండ్లలో ఇరవై ఊళ్ళకు తోసిరి."

"అదెల్లా లేదు సార్. లవ్ మేటర్ దా," అన్నాడు పెళ్ళికాని ఒక డ్రైవరు, నిట్టూర్చి.

శ్రీరంజని గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టింది. ఒళ్ళు మండిపోయింది. వీళ్ళలో ఎవరికీ చచ్చినవాడితో పనిలేదు. ఎవడి పుండు వాడు ఆ శవం మీద గోక్కుంటున్నాడు. పోలీసు రికార్డులో "గుర్తు తెలియని పురుషుడు" అని ఒక్క గడి ఖాళీగా ఉంటే చాలు, ఊరూరూ వచ్చి అందులో కాపురం పెట్టేస్తుంది. పోనీ అందామంటే ఆ గడిని ఖాళీ చేసింది తనే. టీ డబ్బులిచ్చి విసవిసా నడిచింది.

వరదరాజన్ అక్క సుందరవల్లి మునక్కాయల కమిషన్ మండీ నడుపుతుంది. అరవై ఆరేళ్ళు. నల్లగా, ఎత్తుగా, భుజాన ఎర్రంచు తుండుతో సంత మధ్య నిలబడితే లారీలే పక్కకి తప్పుకుంటాయి. ఆ మండీలో పెద్దబేరాలన్నీ ఇప్పటికీ తుండు కిందే. కొనేవాడూ అమ్మేవాడూ గుడ్డ కింద చేతులు కలిపి, వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటారు. అరచేతి నడుమ గోరు గుచ్చితే సరుకు పుచ్చిందని అర్థం. ఇంకో కట్టడి కూడా ఉంది. కమిషన్‌దారు తన తుండు నేల మీద పరిచాడంటే అక్కడ మోసం జరిగిందన్నమాట. అది తిరిగి భుజమెక్కేదాకా సంతలో బస్తా కదలకూడదు, బండి కదలకూడదు. కదిపినవాడికి ఆ తర్వాత మోసే హమాలీ దొరకడు.

ఈ విద్య అంతా శ్రీరంజనికి వరదరాజన్ నేర్పాడు. నోరు తెరవకుండా మాట్లాడ్డం మా ఇంట్లో పుట్టుకతో వస్తుందని నవ్వేవాడు.

ఆమె తుండు కింద చెయ్యి పెట్టి, ముసలామె చిటికెన వేలిని రెండుసార్లు నొక్కి వదిలింది. వరదరాజన్ గుర్తు అది.

సుందరవల్లి ముఖం మారలేదు. "పెరియసామీ, కాంటా చూసుకో. ఈ మేనేజరమ్మకు లోపల సరుకు చూపిచ్చి వస్తాను," అని హమాలీల మేస్త్రీకి చెప్పి, గోడౌన్‌లోకి దారి తీసింది.

తలుపు వేశాక అడిగింది. "నువ్వు వాడి ఆఫీసా?"

"అవునమ్మా. ఆయన దగ్గరే పని నేర్చుకున్నాను. మీకొక మాట చెప్పాలి. మీ తమ్ముడు..."

"చచ్చిపోయినాడు. తెలుసును."

వరదరాజన్ పరదేశంలో ఉన్నాడని ఆర్నెల్లకొకసారి విభాగం ఈమెకి ఉత్తరం పంపుతూనే ఉంది.

"పేపర్లో ఫోటో వేసిరే, ఆ పొద్దే తెలుసును," అంది సుందరవల్లి. "ముకం సరిగా తెలీలేదు. పంచె కట్టు చూస్తిని. ఎడమ పక్క మడిచి దోపేది మా నాయన కట్టు. ఈ అమ్మిణిని నా చేతిలో పెట్టి పోయేటప్పుడు చెప్పినాడు. అక్కా, నేను ఎవురూ లేనోడిగా దొరికితే ఎవురూ లేనోడిగానే ఉండనీ, నోరు తెరవొద్దు అని. తెరవలేదు. ఏడ్చేకి కూడా తావు లేదు కన్నా! ఏడిస్తే పక్కింటోళ్ళు అడుగుతారు కదా, ఎవురు పోయినారని?"

ఆమెకి కన్నీళ్ళు రాలేదు. కోపం వచ్చింది.

"పదకొండేండ్లు! నా మండీలో కూచోని నా తమ్ముణ్ణి దొంగంటారు, కల్లనోట్ల వాడంటారు, రెండు పెండ్లాలు ఉండాదంటారు. వాళ్ళకు నేను టీ పోయిస్తా ఉండాను. పెండ్లే చేసుకోలేదు వాడు! ఆ రెండు పెండ్లాల కత ఎవుడు కట్టినాడో, వాడు నా చేతికి దొరికితే..."

"నేనే," అంది శ్రీరంజని.



"పై నుంచి ఆర్డరొచ్చింది. జనం నిజం వైపు పోకుండా రెండు మూడు కథలు వదలమన్నారు. ఆ కథ నేనే రాసి తమిళ వారపత్రికకి పంపాను. అందరూ నమ్మింది దాన్నే."

ముసలామె ఒక అడుగు ముందుకేసింది. కొడుతుందేమో అనుకుంది శ్రీరంజని. కొడితే బాగుండుననీ అనుకుంది.

"ఏల అమ్మిణీ," అంది సుందరవల్లి. "ఒక మంచి కత కట్టేకి రాలేదా నీకు?"

శ్రీరంజని తల వంచుకుని, వచ్చిన పని చెప్పింది. మధుమిత, వ్యాను, పన్నెండు గంటలు. లోపలి గదిలోంచి సుజిత వచ్చి నిలబడి అంతా విన్నది. ఇప్పుడామెకి ముప్ఫై అయిదు దాటి ఉంటాయి. మండీ చిట్టాలు రాసే చేతులకి సిరా మరకలు. ఎదురు మాట్లాడకుండా లోపలికి వెళ్ళి సంచి సర్దుకుంది. అంత తొందరగా సర్దుకోవడం చూస్తే, ఆ సంచి పదకొండేళ్ళుగా సిద్ధంగానే ఉందని తెలిసిపోయింది.

* * *

పదకొండూ యాభైకి మధుమిత వచ్చింది. సంతంతా ఆగి చూసింది. చెప్పుల్ని బురద అంటకుండా ఎత్తి ఎత్తి వేస్తూ, ఎవరిని చూసినా వాళ్ళొక్కళ్ళనే చూస్తున్నట్టు నవ్వుతూ, సుందరవల్లి మండీ ముందుకొచ్చి ఆగింది. ఇరవై అడుగుల అవతల నల్లద్దాల వ్యాను, ఇంజన్ ఆపకుండా ఉంది.

సుందరవల్లి, శ్రీరంజని బేరంలో ఉన్నట్టు తుండు కింద చేతులు పెట్టుకుని కూర్చున్నారు.

"అమ్మా, ఈ ఏడు చింతకాయ కాపెట్ల ఉండాది?" అంది మధుమిత.

"కాపు తక్కువ, పులుపెక్కువ," అంది శ్రీరంజని.

కోడ్ కలిసింది. మధుమిత స్టేజీ వైపు చూస్తున్నట్టు తిరిగి, పెదవులు కదలకుండా చెప్పింది. "వ్యాన్ రెడీ. పంపించెయ్యండి. తిన్నగా సేఫ్ హౌస్."

శ్రీరంజని సైగ చేసింది. సుజిత సంచితో బయటికొచ్చింది. పెరియసామి ఆ సంచి అందుకుని ఆమెని వ్యాను వైపు తీసుకుపోయాడు.

సుందరవల్లి ఏ తెలుగు ఆడపిల్ల కనబడినా ఒక ప్రశ్న అడక్కుండా వదలదు. ఊళ్ళో సగం సంబంధాలు ఆమె కుదిర్చినవే. గుండెలో ఎంత మంటున్నా, అలవాటు నాలుకని వదల్లేదు.

"మనోళ్ళ పిల్లలాగుండావే. మీ ఇంటిపేరేమి కన్నా?"

ఈ వైపు తెలుగువాళ్ళకి ఇంటిపేరు ఏ కార్డులోనూ ఉండదు. తమిళ పద్ధతిలో తండ్రి పేరు మొదటి అక్షరం పెట్టుకుంటారు. ఇంటిపేరు నోటిలోనే ఉంటుంది, పెళ్ళి మాటొస్తేనే బయటికొస్తుంది. మధుమిత మాత్రం తడుముకోలేదు. నేర్చుకునే వచ్చింది.

"దొడ్డపనేని వాళ్ళం అవ్వా."

"అబ్బో, పెద్ద ఇల్లు. మీ అమ్మ పుట్టిల్లు?"

"మేడవరపు వాళ్ళు."

"ఓహో. పెద్దోళ్ళు చూసి చేసిందా, ఇష్టపడి చేసుకున్నారా?"

"మా తాతే కుదిర్చాడంట. ఊరంతా పిలిచి చేశారంట," అని ముద్దుగా నవ్వింది మధుమిత.

"సంతోషం," అంది సుందరవల్లి. తుండు కింద ఆమె గోరు శ్రీరంజని అరచేతి నడుమ నెత్తురొచ్చేలా దిగింది.

సరుకు పుచ్చు!

శ్రీరంజనికి ఒక్క క్షణం పట్టింది. దొడ్డపనేని, మేడవరపు. పంగాళీలు! ఒకే తాత పిల్లలు. ఒక ఇంట్లో చావైతే రెండో ఇంటికీ మైల. ఎన్ని తరాలైనా వాళ్ళు అన్నదమ్ములే, పిల్లనిచ్చి పుచ్చుకోరు. కుదిర్చిన తాతని పక్కన పెట్టు, ఆ పెళ్ళి మాటెత్తినవాణ్ణే ఊరు చెప్పుతో కొట్టేది. పెళ్ళిసంబంధాల వెబ్‌సైటులో రెండు పెద్ద పేర్లు ఏరుకుని తండ్రికొకటి, తల్లికొకటి తగిలించుకుంది ఈ అందగత్తె. మద్రాసు చీఫ్‌కి అందులో తప్పు కనబడలేదు. ఏ కంప్యూటర్‌కీ కనబడదు.

తక్కినదంతా దానంతటదే విడిపోయింది. పొల్లాచ్చి అన్నారు, విభాగం కదల్లేదు. ఉడుమలై అన్నారు, మధుర అన్నారు, కదల్లేదు. ఒట్టన్‌చత్రం అనగానే క్యారియర్ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది తను! డీఎన్ఏ లేదు, పాడూ లేదు. దాచినవాళ్ళ చేతనే దాచిన చోటు చూపించుకోవడానికి ఆడిన నాటకం ఇది.

అక్కడ వ్యాను తలుపు జరిగింది. సుజిత ఒక కాలు లోపల పెట్టి, కొయ్యబారిపోయింది. లోపల సీట్లో తెల్లజుట్టు మనిషి ఒకడు కూర్చుని ఉన్నాడు. ఈమె ముఖాన్ని తన కళ్ళతో చూసి నిర్ధారించుకోవాలని వచ్చాడు.

"వీడే!" అని అరిచింది సుజిత. "తూత్తుకుడి వాడు, వీడే!"

సుందరవల్లి లేచి నిలబడింది. భుజం మీది తుండు తీసి, జాడించి, నేల మీద పరిచింది.

"మోసం!"

సంత ఆగిపోయింది. నలభై మంది హమాలీలు ఎక్కడివాళ్ళక్కడ బస్తాలు దించేశారు. వ్యాను ముందు ఉల్లిపాయల లారీ ఇంజను ఆపేసింది, వెనక మునక్కాయల టెంపో అడ్డంగా ఆగింది. వ్యాను డ్రైవరు హారన్ మీద చెయ్యి పెట్టి అరిచాడు. ఎవరూ తిరిగి కూడా చూడలేదు. పెరియసామి సుజితని వెనక్కి లాగి, బస్తాలు ఎత్తే కొక్కెం తెల్లజుట్టువాడి మెడ దగ్గర పెట్టి, "తుండు కిందుండాది సామీ. కదలకూడదు," అన్నాడు మర్యాదగా.

మధుమిత నవ్వు ఆరిపోయింది. మేకప్ పెట్టెలోంచి చిన్న పిస్టల్ ఒక చేతికొచ్చింది. రెండో చేతిలో ఫోను.

"దూరం జరగండి!" స్వచ్ఛమైన, ఏ ఊరిదీ కాని గొంతు. "లైవ్ కోసం రెండు లక్షల మంది కాచుకుని ఉన్నారు. ఒక్క వేలు చాలు. ఈ ముసలిదాని ముఖం, ఆ సుజిత ముఖం, ఈ ఊరు, అన్నీ లైవ్‌లోకి పోతాయి. మా వాళ్ళకి ఆ చిరునామా చాలు. వ్యానుకి దారి వదలండి. పది అంకెలు లెక్కపెడతాను!"

పది. తొమ్మిది.

శ్రీరంజని వంగి క్యారియర్ అందుకుంది. "అన్నం కూడా తినకుండా పోతావా?"

"ఆటలాడకు! అయిదు. నాలుగు."

అడుగు గిన్నె మీట నొక్కింది శ్రీరంజని.

మధుమిత బొటనవేలు దిగింది. ఫోను తెర మీద చిన్న చక్రం తిరగడం మొదలెట్టింది. తిరుగుతోంది, తిరుగుతూనే ఉంది. ముప్ఫై ఎనిమిది లక్షల మందికి దారి చూపిన మనిషి, సిగ్నల్ పోయిన ఎవరైనా చేసే పనే చేసింది. పిస్టల్ మీంచి దృష్టి మళ్ళించి ఫోన్‌లోకి చూసింది.

ఆ అర క్షణం చాలింది. క్యారియర్ తగిలి పిస్టల్ గాల్లోకి ఎగిరింది, పెరుగన్నం పట్టుచీర పాలైంది. వెంటనే చెంప ఛెళ్ళుమంది. శ్రీరంజని ఆ దెబ్బని శిక్షణలో నేర్చుకోలేదు. అందులో వక్కల మండీ ఉంది, కత్తిరించిన లేబుల్ ఉంది, తను రాసిన ఇద్దరు పెళ్ళాల కథ ఉంది. మధుమిత మునక్కాయల కట్ట మీద కూలబడింది. నలభయ్యో సెకనులో చక్రం ఆగి, ఫోను మళ్ళీ ప్రాణం పోసుకునేసరికి అది శ్రీరంజని చేతిలో ఉంది. కనెక్షన్ కట్ చేసింది.

టమాటా బండి దగ్గరున్న విభాగం మనుషులు పరిగెత్తుకొచ్చి మధుమితకీ, తెల్లజుట్టువాడికీ, డ్రైవరుకీ బేడీలు వేశారు. వ్యాను వెనక చూస్తే నల్లసంచులు. ఆ సంచుల్లో మూడూళ్ళ తెలుగువాళ్ళు ఉమ్మిచ్చిన గొట్టాలు, వేసిన మూత వేసినట్టే ఉన్నాయి.

సుజిత నేల మీద కూర్చుని భోరున ఏడ్చింది. సుందరవల్లి ఆమె తల తన పొట్టకి అదుముకుని, "ఆ పాపిష్టోడు పోయినాడు కన్నా, పోయినాడు. ఇంక సంచి విప్పెయ్," అంది. తర్వాత వంగి తుండు తీసి భుజాన వేసుకుంది. సంత మళ్ళీ మొదలైంది.

శ్రీరంజని చీఫ్‌కి ఫోన్ చేసింది.

"నాయకుడు దొరికాడు. సుజిత గుర్తుపట్టింది. ఇప్పుడు పేరు చెప్పండి."

"చూద్దాం. ఫైల్ పైకి పంపి..."

"పంపక్కర్లేదు సార్. ఆయన పేరు తుడిచిన చెయ్యి నాది. సాయంత్రం లోపల మీరు చెప్పకపోతే నేనే చెప్తాను. నోరు మంచిది కాదని నాలుగోసారి రాసుకోండి."

"క్యారియర్ జాగ్రత్త," అన్నాడు చీఫ్. "రాత్రికి ప్రకటన వస్తుంది."

వచ్చింది. ఆరే వాక్యాలు. మేట్టుపాళయంలో చనిపోయిన వ్యక్తి వరదరాజన్, దేశం కోసం పనిచేసిన అధికారి, విధి నిర్వహణలో శత్రువుల చేతిలో మరణించారు. వారం రోజుల్లో దాన్ని చూసినవాళ్ళు రెండు వందల పన్నెండు మంది. కింద ఒకడు రాశాడు, ఇది ఎవరో కూర్చుని అల్లిన కట్టుకథ, చెప్పుల సంగతే లేదు అని. శ్రీరంజని రాసిన ఇద్దరు పెళ్ళాల కథ మీద ఎవరో చేసిన పాత వీడియోని అదే వారంలో ఇంకో తొంభై వేల మంది చూశారు. మధుమిత ఏమైపోయిందని ఆరు కొత్త ఛానళ్ళు పుట్టాయి.

ఎనిమిదో రోజున శ్రీరంజని వేషం లేకుండా ఒట్టన్‌చత్రం వచ్చింది. మండీ ముందు వరదరాజన్ ఫోటో, దానికి మల్లెమాల. సుందరవల్లి వచ్చినవాళ్ళందరికీ టీ పోయిస్తోంది. పదకొండేళ్ళ ఏడుపు ఏడ్చిన కళ్ళు ఇంకా ఎర్రగా ఉన్నాయి.

పెరియసామి ఫోటో ముందు నిలబడి చేతులు జోడించాడు. "ఎవురమ్మా ఇది?"

"నా తమ్ముడు రా. వరదరాజన్. మేట్టుపాళయం వక్కల మండీలో పోయినాడే, ఆ మనిషి వీడే. నా నోటితో నేనే చెప్తా ఉండాను, విను."

పెరియసామి ఫోటో వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. పెద్దావిడ మనసు నొచ్చకూడదని గొంతు బాగా తగ్గించాడు.

"లేదమ్మా. ఆయన వేరే. నీకు తెలీదు, నేను పన్నెండు ఎపిసోడ్లూ చూసినాను."